చెల్లి పరుగూ నా పాఠాలూ

మా చెల్లి పుస్తకం మీదే నిద్రపోయేది. చదువుతున్న వరుస మీద వేలు అలాగే ఉండేది, తల మాత్రం మెల్లగా పక్కకు వాలిపోయేది. తెల్లవారుతుండగా లేచి రైల్వే గ్రౌండుకు వెళ్లి పరిగెత్తి, ఇంటికొచ్చి చద్దన్నం తిని, బడికి వెళ్లి, సాయంత్రం మళ్లీ గ్రౌండుకు పోయి వచ్చే పిల్ల అది. కూర్చుంటే చాలు, కళ్లు మూతలు పడేవి. నేను లేపబోతే అమ్మ అడ్డుపడేది.

"ఒలే, దాన్ని లేపకే. లేపితే మళ్లీ పరిగెడతాది."

ఎనభైల చివరి రోజుల మాట ఇది. బిలాస్‌పూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టరు. తాత శ్రీకాకుళం జిల్లా నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి మేం పుట్టిందీ పెరిగిందీ రైల్వే కాలనీలోనే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో రెండూ కలిపి. నేను పదో తరగతి పాసైన వేసవిలో అమ్మకు కడుపులో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆమె మంచం దిగేవరకు వంటా ఇల్లూ నేను చూసుకున్నాను. ఆమె దిగిన తర్వాత కూడా చూసుకుంటూనే ఉన్నాను. నన్ను బడి మానమని ఎవరూ అనలేదు, మళ్లీ వెళ్లమని కూడా ఎవరూ అనలేదు. అలా మూడేళ్లు గడిచిపోయాయి.

చెల్లి నాకంటే రెండేళ్లు చిన్నది, నన్ను అప్పా అనేది. మూడు వేల మీటర్ల పరుగు దాని పోటీ. రైల్వేలోనే పనిచేసే ఒకప్పటి పరుగువీరుడు, పొడుగాటి బెంగాలీ ఆయన, గ్రౌండులో పిల్లలకు ఉచితంగా నేర్పేవాడు. ఆయన్నందరూ కోచ్ సర్ అనేవారు. మొదట్లో మా చెల్లి పోటీల కోసం వెళ్లలేదు. గ్రౌండు అవతల ఉన్న పాల డిపోకు పంపిస్తే, క్యాను ఊపుకుంటూ పరిగెత్తి వెళ్లి పరిగెత్తి వచ్చేది. కోచ్ సర్ అది చూసి, ఒకరోజు దాని వెంటే మా క్వార్టర్‌కు వచ్చేశాడు. పాలు తొణికించకుండా ఈ వేగంతో పరిగెత్తే పిల్లను తాను చూడలేదన్నాడు. అమ్మ మాత్రం, పాలు రోజూ తొణుకుతూనే ఉన్నాయని ఆయనకు వచ్చీరాని హిందీలో ఫిర్యాదు చేసింది.

పదో తరగతి నాటికి అది జిల్లాలో ఎదురులేని పిల్ల. పదకొండులో రాష్ట్రంలో మొదటిది. బడిలో మాత్రం హాజరు చాలదని ఒకసారి, లెక్కల్లో తప్పిందని ఇంకోసారి నాన్నను పిలిపించారు. నాన్న షెడ్ బట్టలతోనే వెళ్లి, తలొంచుకుని నిలబడి వచ్చేవాడు. ఇంటికొచ్చి ఒకే మాట అనేవాడు.

"గ్రౌండుకెల్తే నా కూతురని సెప్పుకుంటన్నాను. బడికెల్తే నోరెత్తలేకపోతన్నాను. ఏటి సేస్తానమ్మా?"

ఆ మాటకు చెల్లి ఏడ్చేది కాదు. దానికి ఏడుపు తక్కువ. బకెట్లో వేన్నీళ్లు పోసుకుని, ఉప్పు వేసుకుని, కాళ్లు ముంచి కూర్చునేది. ఒకరోజు అలా కూర్చున్నప్పుడు దాని చరిత్ర పుస్తకం తీసి, నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. కాళ్లు వేన్నీళ్లలో ఉంటే నిద్ర రాదు కదా అని, అంతే. చదువుతూ, అర్థం కానిచోట ఆగి, మన తెలుగులో చెప్పాను. రాజులూ యుద్ధాలూ మా ఇంటి మాటల్లోకి వచ్చేసరికి అవి కాలనీలో జరిగిన గొడవల్లా ఉండేవి. మర్నాడు బడి నుంచి వచ్చి గుమ్మంలోనే అరిచింది.

"అప్పా! ఇయ్యాల మేడమ్ అడిగింది, నాను మొత్తం చెప్పీసాను!"

కంటితో చదివింది నిలవని పిల్లకు చెవితో విన్నది నిలిచేదని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం వేన్నీళ్ల బకెట్, నా గొంతు. పదకొండో తరగతి అలా గట్టెక్కింది.

పన్నెండో తరగతి మొదలైన కొద్ది రోజులకే రూర్కెలాలో జాతీయ జూనియర్ జట్టుకు శిక్షణ క్యాంపు పెట్టారు. చెల్లికి పిలుపొచ్చింది. కాలనీ అంతా వచ్చి చూసిపోయింది. కోచ్ సర్ మిఠాయి తెచ్చాడు. తింటూ నాన్నతో అన్నాడు, చదువు గురించి బెంగపెట్టుకోకండి, పరుగుంటే స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం వస్తుంది, ఈ ఏడు పరీక్ష పోయినా ఫరవాలేదు అని. నాన్న తలూపబోయాడు. చెల్లే ముందు మాట్లాడింది.

"పరీక్ష రాస్తాను సర్."

కోచ్ సర్ నవ్వాడు. "ఎలా రాస్తావు బేటీ? అక్కడ బడి లేదు."

"ఎలాగో తెలీదు. రాస్తాను."

దాని పట్టుదలకు కారణం ఒక మనిషి. మా రైల్వేలోనే హర్డిల్స్ పరిగెత్తే ఒక ఆవిడ ఉండేది. ఛత్తీస్‌గఢీ ఆవిడ, చెల్లికంటే పదేళ్లు పెద్దది. పిల్లలంతా దీదీ అనేవారు. ఆటలోనే ఉద్యోగం వచ్చింది, కానీ బడి మధ్యలో ఆపేసింది కాబట్టి ఆఫీసులో ఫైళ్లు మోసే పనిలోనే ఉండిపోయింది. ఆమె ఒకసారి గ్రౌండులో బూట్లు విప్పుకుంటూ చెల్లితో అన్న మాట నాకు గుర్తే. "నా కాళ్లు నన్ను ఆఫీసు గుమ్మం దాకా తీసుకొచ్చాయి. లోపల కుర్చీలో కూర్చోవాలంటే పన్నెండో తరగతి కావాలన్నారు." ఆమె నవ్వుతూనే అంది. చెల్లి మాత్రం నవ్వలేదు.

సరే, రాస్తానంది. పాఠాలెలా? పుస్తకాలు తీసుకెళ్తుంది, కానీ పుస్తకం తెరిస్తే నిద్రపోతుంది. ఆ ఆలోచనలో ఉండగా అమ్మ భజనలు వింటోంది. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క షోకు నాన్న కొన్న టేప్ రికార్డరు. నాన్న దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు సదివింది దీన్లోకి ఎక్కుతాదా?"

ఎక్కింది. మొదటి క్యాసెట్‌లో వెనక కుక్కరు ఈలలు, షెడ్ సైరను, పక్కింటివాళ్ల తగాదా అన్నీ ఎక్కాయి. పాఠం అయ్యాక ఇంకా కొంచెం టేపు మిగిలితే అమ్మను పిలిచి మాట్లాడమన్నాను. రూర్కెలా దూరం కదా, వినపడదేమోనని అమ్మ ఊరంతా వినపడేలా కేకపెట్టింది.

"ఒలే! తింటన్నావా! గుడ్డు పెడతన్నారా! నీల్లు కాసుకుని తాగే!"

క్యాంపు హాస్టల్లో ఒక టేప్ రికార్డరు ఉందని చెల్లి ముందే కబురు పెట్టింది, ఇక క్యాసెట్ ఎలా పంపాలి అన్నది కూడా పెద్ద చిక్కు కాలేదు. మాది రైల్వే ఊరు. నాన్న స్నేహితుడు ఒక గార్డు, మేం మామ అనేవాళ్లం, హౌరా వైపు రైళ్ల మీద డ్యూటీ చేసేవాడు. ఆయన డ్యూటీ ఝార్సుగూడాలో అయిపోయేది. అక్కడ రైలెక్కే తరవాతి గార్డుకు క్యాసెట్ అందిస్తే, ఆయన రూర్కెలాలో దించేవాడు. అక్కడ క్యాంపుకు పాలూ రొట్టెలూ చేరవేసే మనిషి స్టేషన్‌కు వచ్చి తీసుకునేవాడు. ఒక్క క్యాసెట్ కూడా పోలేదు. వినడం అయిపోయినవి అదే దారిలో తిరిగొచ్చేవి. మామ మా గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఏటమ్మా మేష్టారు, ఈ వారం సరుకు తయారేనా?"

మేష్టారని నన్ను మొట్టమొదట పిలిచింది ఆయనే.

తప్పు చెప్పి పంపిస్తున్నానేమోనని నాకు లోపల భయంగా ఉండేది. అందుకని ఒక క్యాసెట్ పట్టుకుని బడికి వెళ్లాను. చరిత్ర చెప్పే మేడమ్ నాకూ పాఠం చెప్పిన ఆవిడే. గట్టి మనిషి, బడంతా ఆమెకు జంకేది. స్టాఫ్ రూంలో టేప్ రికార్డరు పెట్టి, కళ్లు మూసుకుని మొత్తం విన్నది. తెలుగు ముక్కలు వచ్చినప్పుడు మాత్రం కళ్లు తెరిచేది. అయిపోయాక ఒకచోట కాలం ముందువెనకలైందని చెప్పి సరిదిద్దింది. ఆ తర్వాత క్యాసెట్ బయటికి తీసి చేతిలో తిప్పుతూ అడిగింది.

"ఇదంతా ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాసివ్వలేదు మేడమ్. నేనే చదువుకుని చెప్పాను."

"హిందీ, ఇంగ్లీషు, అర్థశాస్త్రం కూడా?"

"అన్నీ."

"అచ్ఛా. అంటే పన్నెండో తరగతి మొత్తం నీకు వచ్చు. మరి పరీక్ష నీ చెల్లెలు ఒక్కతే ఎందుకు రాస్తోంది?"

ఇంట్లో పని అన్నాను. నాకేం అవసరం అన్నాను. ఆమె వినలేదు. ప్రైవేటుగా కట్టు, నేను చూసుకుంటాను అంది. ఇంటికొచ్చి చెప్తే అమ్మ అన్నం వారుస్తూ వెనక్కి తిరక్కుండానే అంది.

"రాసీ. గంజి వార్చడం నాకింకా సేతనవుతాది."

అంత తేలికగా అంటుందనుకోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న కూడా ఆ మాటే ఎత్తి, "ఇద్దరూ ఒకే పాలి రాస్తారా? బాగుంది" అని మజ్జిగ పోయించుకున్నాడు. అంతే. మూడేళ్ల నుంచి మూసుకుపోయిందనుకున్న తలుపు గడియ కూడా వేసి లేదు.

రూర్కెలా నుంచి చెల్లి కబురు పంపింది. తిరిగొచ్చిన క్యాసెట్‌లో దాని గొంతు ఉంది. "అప్పా, ఇక్కడ నా గదిలో ఇంకో ముగ్గురమ్మాయిలున్నారు. వాళ్లవీ బోర్డు పరీక్షలే. నీ పాఠం వాళ్లూ వింటన్నారు. కానీ నువ్వు తెలుగులోకి దిగిపోతే నా బుర్ర తినేస్తన్నారు, క్యా బోలా, క్యా బోలా అని. నువ్వు హిందీలోనే చెప్పు. ఆఖర్న మాత్రం మన మాటలో మాట్లాడు. అది నాకు."

ఆ క్యాసెట్‌ను ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నానో. నేను పేర్లు కూడా ఎరగని అమ్మాయిలు, దేశం నలుమూలల నుంచి వచ్చి, సాయంత్రం కాళ్లకు నూనె రాసుకుంటూ నా గొంతు వింటున్నారట. వంట గిన్నెల మధ్య ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ వారం పాఠం చెప్పే ముందు గొంతు సవరించుకుని, జుట్టు కూడా దువ్వుకున్నాను. క్యాసెట్‌లో జుట్టు కనపడదని నాకూ తెలుసు.

అలా చలికాలం గడిచింది. జాతీయ పోటీలు టాటానగర్‌లో అన్నారు. పరీక్షల తేదీలు వచ్చాయి. చెల్లి మూడు వేల మీటర్ల ఫైనల్ సాయంత్రం అయితే, తెల్లారి మా మొదటి పేపరు, చరిత్ర. పోటీ మర్నాడు అక్కడ పదిహేను వందల మీటర్ల పరుగు కూడా ఉంది. కోచ్ సర్ దాని పేరు రెండింటికీ ఇచ్చాడు. రెండింట్లోనూ పతకం వస్తుందని ఆయన నమ్మకం.

పోటీలకు ముందు చెల్లి రెండు రోజులు ఇంటికి వచ్చింది. కోచ్ సర్ కూడా వచ్చాడు. మా వరండాలో ముక్కాలిపీట మీద కూర్చుని, టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"పరీక్ష మళ్లీ ఏడు రాయొచ్చు. ఈ వయసు మళ్లీ రాదు" అన్నాడు.

చెల్లి నేల చూస్తూ అంది. "మూడు వేలు పరిగెత్తి ఆ సాయంత్రమే రైలెక్కుతాను సర్. పదిహేను వందలు వదిలేస్తాను."

"ఒక పతకం వదిలేస్తానంటున్నావు."

"ఒక పరీక్ష వదిలేయమంటున్నారు మీరు."

ఆయన ఎదురుగా అలా మాట్లాడినవాళ్లు లేరు. ఆయన నాన్నవైపు చూశాడు. నాన్న చేతులు తుడుచుకుంటూ, వినయంగానే, తన హిందీలో అన్నాడు.

"సాబ్, పరుగు మీరు నేర్పారు. పాఠం దాని అక్క నేర్పింది. ఇద్దరి కష్టమూ ఉంది. సగం సగం పంచుకోండి."

కోచ్ సర్ లేచి వెళ్లిపోయాడు. కోపంగా వెళ్లాడనే అనుకున్నాం. కానీ ఆ సాయంత్రమే, చెల్లి వెంట తిరుగు ప్రయాణానికి దీదీని పంపేలా ఏర్పాటు చేశాడని తెలిసింది. తను మిగతా పిల్లలతో అక్కడే ఉండాలి కదా.

పరీక్ష రోజు తెల్లవారుజామున నాన్నా నేనూ స్టేషన్‌కు వెళ్లాం. రైలు ఆలస్యం అన్నారు. కాసేపటికి ఇంకా ఆలస్యం అన్నారు. ప్లాట్‌ఫాం మీద ఎండ పడింది. నా చేతిలో ఇద్దరి హాల్ టికెట్లూ ఉన్నాయి. ఇద్దరికీ ఒకే బడి పరీక్షా కేంద్రం. నేను కదలకుండా నిలబడితే నాన్న అన్నాడు.

"నువ్వు ఎల్లు."

"అది రానీ నాన్నా."

"అదొస్తే నాను తెస్తాను. పరీక్ష నీది కూడా. బేగి ఎల్లు."

చెల్లి హాల్ టికెట్ మేడమ్‌కు ఇచ్చి నా చోట్లో కూర్చున్నాను. గంట కొట్టారు. పేపర్లు పంచారు. ముందు వరుసల్లో చెల్లి బల్ల ఖాళీగా ఉంది. ప్రశ్నలన్నీ నాకు వచ్చినవే. అన్నీ నేను క్యాసెట్‌లో చెప్పినవే. అది గుర్తొచ్చేసరికి కలం కదల్లేదు. అరగంట దాటితే లోపలికి రానివ్వరు. మేడమ్ బయట గేటు దగ్గర నిలబడి ఉంది, కిటికీలోంచి ఆమె చీర కొంగు కనిపిస్తోంది.

అవతల రైల్లో జరిగింది ఇది. తర్వాత చెల్లీ దీదీ ఒకరి మాటకు ఒకరు అడ్డు తగులుతూ చెప్పారు. రైలు గతౌరాలో ఆగిపోయింది. బిలాస్‌పూర్‌కు ముందు వచ్చే చిన్న స్టేషను అది. ముందు బొగ్గు రైళ్లు వరసగా నిలిచిపోయాయట, లైను ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమన్నారు. చిన్న ఊరు, రిక్షా లేదు, ఆటో లేదు. చెల్లి కిటికీలోంచి చూస్తోంది. దీదీ అది కట్టుకున్న బూట్లు చూసింది.

"దారి తెలుసా?" అంది.

"తెలుసు. మోప్కా మీంచి లింగియాడీహ్. చలికాలంలో కోచ్ సర్ అటే పరిగెత్తించేవారు."

"అయితే దిగు. సామాను నేను తెస్తాను. మొదట్లో నెమ్మదిగా పోవాలి, విన్నావా? పరీక్షకు ఊపిరి మిగలాలి."

అంతే, దిగి పరిగెత్తింది. ముందురోజు సాయంత్రమే జాతీయ ఫైనల్ పరిగెత్తిన కాళ్లు అవి. తిన్నది రైల్లో రెండు అరటిపళ్లు. పొలాల మధ్య దారిలో సైకిల్‌కు పాలక్యాన్లు కట్టుకుని పోతున్న ఒకాయన దాని పక్కన చేరాడు. ఎవరు తరుముతున్నారమ్మా అని అడిగాడు. పరీక్ష అంది. ఎక్కించుకుందామంటే క్యాన్లకే చోటు చాలదు. అందుకని ఆయన ముందు తొక్కుతూ, లింగియాడీహ్ వీధుల్లో ఆవుల్నీ పిల్లల్నీ జనాన్నీ "హటో, హటో, పరీక్ష పోతోంది" అని అదిలిస్తూ దారి చేశాడు. అర్పా వంతెన దాటి, బడి గేటు దాకా వచ్చి, అక్కడ సైకిల్ ఆపి, తనే పరీక్ష రాయబోతున్నట్టు రొప్పాడట.

నాకు ఇవేమీ తెలియవు. నాకు వినిపించింది వరండాలో బూట్ల చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎన్ని వేల సార్లు మా గుమ్మంలో విన్నానో. తలెత్తి చూసేసరికి తలుపు దగ్గర ట్రాక్ సూట్‌లో, జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, చెల్లి నిలబడి ఉంది. వెనక మేడమ్, చేతిలో హాల్ టికెట్. పర్యవేక్షణకు వచ్చిన సార్ గడియారం చూసి, లోపలికి రమ్మన్నట్టు తలూపాడు.

అది బల్ల దగ్గరికి నడుస్తూ నావైపు చూసి రెండు వేళ్లు చూపించింది. నాకు అర్థమైంది. రెండో స్థానం. దేశంలో రెండోది మా చెల్లి. నా నోరు తెరుచుకుపోయింది. ఆ సైగ సార్ కంట్లో పడింది. చరచరా వచ్చేశాడు.

"ఏమిటా సైగ? రెండో ప్రశ్న అడుగుతున్నావా?"

"కాదు సార్."

"మరి?"

చెల్లి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది. వెండి పతకం, రిబ్బను మడతలు పడి ఉంది. సార్ పతకాన్ని చూశాడు, చెల్లిని చూశాడు, దాని బూట్ల మీద ఎర్రమట్టి చూశాడు. హాల్లో ఎవరూ రాయడం లేదు.

"ఎక్కడి నుంచి వస్తున్నావు?"

"టాటానగర్ సార్. గతౌరా నుంచి పరిగెత్తి."

ఆయన పతకం తీసి దాని చేతిలో పెట్టి, ప్యూన్‌ను పిలిచి మంచినీళ్లు తెమ్మన్నాడు. ఆ తర్వాత మా అందరివైపూ తిరిగి, "రాయండి, రాయండి, సినిమానా ఇది?" అని గద్దించాడు. గొంతు మాత్రం గద్దించినట్టు లేదు. నేను కలం తీసుకున్నాను. ఇక ఆగలేదు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర నాన్న ఉన్నాడు. రైలు చివరికి వస్తే, అందులోంచి దీదీ ఒక్కతే సామానుతో దిగిందట. నా కూతురేది అని నాన్న కంగారుపడితే, మీ కూతురు రైలు కంటే ముందే వెళ్లిపోయింది అందట. ఆ మాట ఆ తర్వాత ఎన్నేళ్లో లోకో షెడ్‌లో తిరిగింది. పాలాయన కూడా ఇంకా అక్కడే ఉన్నాడు. ఎలా రాసిందో తెలుసుకుని గానీ కదలనన్నాడు. చెల్లి బాగా రాశానంటే, ఒక గ్లాసు పచ్చిపాలు వంపి ఇచ్చి, అప్పుడు సైకిలెక్కాడు.

అమ్మ పతకాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసింది. "బాగుందే. ముందు కూకో, తిను" అంది. తన కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, కూరలో మిరపకాయ ఘాటు అని మా ఇద్దరినీ కసిరింది.

కోచ్ సర్ నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. పదిహేను వందల మీటర్ల పరుగులో మూడోదిగా వచ్చిన అమ్మాయి సమయం, మా చెల్లి మామూలుగా పరిగెత్తే సమయం కంటే ఎక్కువట. ఆ సంగతి ఆయన దాచలేదు. పోయిన పతకం పోయినట్టే, చెల్లికి బాధగానే ఉంది. ఆ సంగతి అది కూడా దాచలేదు. ఆయన లేస్తూ దాని తలమీద చెయ్యి వేసి, "మిగతా పేపర్లు ఎప్పుడు?" అని అడిగాడు. మిగతా పరీక్షలన్నింటికీ పొద్దున్నే వచ్చి, దాన్ని తన స్కూటర్ మీద దించాడు. ఇంకో పరుగు పెట్టనివ్వనన్నాడు.

ఫలితాల రోజు వాన. మేడమ్ గొడుగేసుకుని తనే మా క్వార్టర్‌కు వచ్చింది. నాన్న లేచి నిలబడ్డాడు. బడివాళ్లు కనిపిస్తే తలొంచుకోవడం ఆయనకు అలవాటైపోయింది.

"చిన్నమ్మాయి పాస్. సెకండ్ డివిజన్" అందామె. నాన్న దండం పెట్టబోయాడు. "ఆగండి, అయిపోలేదు. పెద్దమ్మాయి ఫస్ట్ డివిజన్."

చెల్లి నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. అంత పెద్దదాన్ని, అమ్మ మీద పడబోయాను. నాన్న మాత్రం అలాగే నిలబడి, తలెత్తి మేడమ్ మొహంలోకి చూశాడు. మొట్టమొదటిసారి. మర్నాడు షెడ్‌కు మిఠాయి పట్టుకెళ్లాడు. అందరూ పతకం తాలూకు అనుకుని తిన్నారట. ఆయన ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పాడట.

"పతకానికి అప్పుడే పెట్టాను కదరా. ఇది మా పెద్దదానికి. సదువుకి."

గార్డు మామే వచ్చి ఆ సంగతి మాకు చెప్పాడు.

చెల్లికి రెండేళ్ల తర్వాత రైల్వేలో స్పోర్ట్స్ కోటాలో క్లర్కు ఉద్యోగం వచ్చింది. దేశం తరఫున పరిగెత్తాలన్న కోరిక తీరలేదు. ఇంకొన్నేళ్లకు చీలమండ గాయం దాన్ని ఆపింది. కానీ అప్పటికది బి.ఏ. పూర్తి చేసింది, కాలు నయమయ్యేవరకు ఆఫీసు పని నేర్చుకుంది. దీదీ మా వరండాలో కూర్చుని నా దగ్గర చదువుకుని, మొదటిసారి తప్పి, రెండోసారి పన్నెండు పాసైంది. లోపల కుర్చీలో కూర్చున్న రోజు మమ్మల్ని పిలిచి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించింది.

నేనూ బి.ఏ., ఆ పైన బి.ఎడ్. చేశాను. తొంభైల మొదట్లో అదే బడిలో చరిత్ర చెప్పే టీచర్‌గా చేరాను. మేడమ్ రిటైరయ్యే ముందు రెండేళ్లు ఆమె పక్క కుర్చీ నాదే.

చేరిన మొదటి సంవత్సరమే గమనించాను. ఆటలకు వెళ్లివచ్చిన పిల్లలు చివరి బెంచీలో కూర్చుని, జరిగిపోయిన పాఠాల వైపు అయోమయంగా చూసేవారు. వాళ్లకు గంట కొట్టకముందు విడిగా పాఠాలు చెప్తానని ప్రిన్సిపాల్‌ను అడిగాను. సొంత సమయంలో చెప్పుకోండి అన్నారు. ఆ ఏడు నేనొక్కదాన్నే. నలుగురు పిల్లలు వచ్చారు, ముగ్గురు పాసయ్యారు. తప్పినవాడు ఫుట్‌బాల్ ఆడే పిల్లాడు. వాడి కోసం లెక్కల సార్ దగ్గరికి వెళ్లి బతిమాలాను. ఆయన గొణుక్కుంటూ వచ్చి, వారం తిరిగేసరికి నాకంటే ముందే తాళం తీసి కూర్చునేవాడు. ఆ మరుసటేడు ఇంగ్లీషు టీచర్ తనంతట తానే వచ్చింది.

ఇంకొన్నాళ్లకు ఒక పొద్దున నాకు జ్వరం వచ్చింది. క్లాసు పోయిందేమోనని మధ్యాహ్నం లేచి బడికి వెళ్లి చూస్తే, ఆ పొద్దున క్లాసు జరిగిందన్నారు. నా పాఠం కూడా జరిగింది. చెప్పింది కబడ్డీ ఆడే పదకొండో తరగతి అమ్మాయి. అంతకుముందు వారమే టోర్నమెంటు నుంచి వచ్చింది, మోచేతికి ఇంకా కట్టు ఉంది. మోచెయ్యి వంగక, రెండో చేత్తో బోర్డు మీద వంకరటింకరగా రాసి చెప్పిందట. ఆ రాతను ఎవరూ చెరపలేదు. నేను గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చదివాను. తప్పు ఒక్కటి కూడా లేదు.